పద్నాలుగో ఫిరంగి ముందు మంచుగుట్ట

ఇన్‌స్పెక్టర్ ఆఫ్రా ఐటర్ గుట్ట పైభాగం నుంచి గుప్పెడు మంచు తీసి తన కోటు చేతిమీద చల్లింది. అది ముద్దలా అంటుకుంది. తరవాత వంగి గుట్ట అడుగు నుంచి మరో గుప్పెడు తీసి చల్లింది. ఈసారి అంటుకోలేదు. పంచదార పలుకుల్లా జలజలా జారిపోయింది.

"ఒకే ఫిరంగి, ఒకే రాత్రి. మంచు మాత్రం రెండు రకాలు," అంది. "ఎగిడ్ గారూ, ఇలా ఎప్పుడైనా చూశారా?"

ఎగిడ్ థాలర్ పార మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. స్టైన్‌కార్ స్కీ వాలుల మీద మంచు చదును చేసే బండి నడపడం మొదలుపెట్టి ఆయనకి ముప్పయ్యొక్క ఏళ్ళయింది. ఈ ఉదయం ఏడూ యాభైకి ఆ బండి ముందు పలక ఈ గుట్టలోంచి ఒక చేతితొడుగును పైకి లాగింది. తొడుగులో చెయ్యి కూడా ఉంది. అది సెవెరిన్ ప్లాంక్ చెయ్యి. ఈ కొండమీద నీళ్ళని మంచుగా మార్చే అరవై రెండు ఫిరంగులకీ ఆయనే పెద్ద. లోయంతా ఆయన్ని మంచు మేస్త్రి అని పిలిచేది.

"చూడలేదు," అన్నాడు ఎగిడ్. "ఫిరంగి ఒకసారి నడిస్తే ఒక రకం మంచే కురుస్తుంది. చలి బాగుంటే పొడి, చలి తగ్గితే తడి. ఈ కొండమీదే పనిచేసిన మీ నాన్నని అడిగినా ఇదే చెప్పేవాడు."

"మా నాన్న లేడుగా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఈ పక్కన నిలువుగా ఒక గోడలా కొయ్యండి. శవం ఉన్న గుంట జోలికి పోవద్దు."

ఎగిడ్ పార ఎత్తేలోగా వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"ఇంకా తవ్వుతూనే ఉన్నావా ఆఫ్రా? నిధి ఏమైనా దొరికిందా?"

గెరో ఫాబర్. బీమా కంపెనీ విచారణాధికారి. ఆరేళ్ళ క్రితం వరకు పోలీసు ఆఫీసులో ఆఫ్రా పక్క బల్ల అతనిదే. ఖరీదైన కోటు వేసుకుని, పట్నం బూట్లతో జారుతూ వచ్చాడు. అతని పక్కన స్కీ కేంద్రం డైరెక్టర్ లోథార్ వాల్డ్‌నర్ ఉన్నాడు. లోథార్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మూడు గంటలకి పోటీ తనిఖీ అధికారి ఈ వాలు చూడటానికొస్తారు," అన్నాడు లోథార్. "శనివారం స్కీ పోటీ. ఈ గుట్ట చదును చెయ్యకపోతే వాలు పాసవదు. మా మనిషి పోయాడు, నాకూ బాధగానే ఉంది. కానీ ఈ పోటీ పోతే లోయలో రెండొందల కుటుంబాలకి శీతాకాలం ఖాళీ."

"గుట్ట నేను చెప్పేదాకా ఇక్కడే ఉంటుంది."

"దేనికి?" అన్నాడు గెరో. "లెక్క తేలిపోయింది కదా. వెచ్చగాలి వచ్చి చలి తగ్గిపోయింది. శనివారం దగ్గరపడుతోంది. సెవెరిన్ కంగారుపడి తెల్లవారుజామున నాలుగూ పదికి ఫిరంగిని బలవంతంగా నడిపాడు. దాని ముందుకెళ్ళాడు. నీటి గొట్టం మూత మీద జారి తల వెనక దెబ్బ తిన్నాడు. స్పృహ లేదు. ఫిరంగి ఆరూ యాభై దాకా మంచు కురిపిస్తూనే ఉంది. పాతిపెట్టేసింది. కంప్యూటరులో అంతా నమోదై ఉంది. హెల్మెట్ లేదు, తోడు ఎవరూ లేరు. తప్పు ఆయనదే."

"తప్పు ఆయనదైతే మీ కంపెనీ ఆయన భార్యకి ఏమీ ఇవ్వక్కర్లేదు. అంతేనా?"

"నువ్వు ఇంకా మారలేదు."

"నాలుగూ పదికి లోథార్ గారు ఎక్కడున్నారు?"

ప్రశ్న గెరో వైపు చూస్తూనే అడిగింది. జవాబు లోథార్ దగ్గరనుంచి వెంటనే వచ్చింది. "మ్యూనిక్ దారిలో. మూడున్నరకి బయల్దేరాను, తనిఖీ అధికారిని విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి. తొమ్మిదికి తిరిగొచ్చాను. దారిలో కెమెరాలున్నాయి, చూసుకోండి."

"చూశాను. నిజమే," అంది ఆఫ్రా.

లోథార్ ముఖం కాస్త తేలికపడింది. ఆ తేలిక ఆమెకి నచ్చలేదు. నిజం చెప్పినవాడు తన మాట రుజువైందని విని ఊపిరి వదలడు.

ఎగిడ్ కోత పూర్తి చేశాడు. గుట్ట పక్కన మనిషెత్తు గోడ తయారైంది. ఆఫ్రా దాని ముందు మోకరిల్లి చేత్తో తడుముతూ పైనుంచి కిందికి వచ్చింది. పైన మూరెడు మందాన తడి మంచు, గడ్డకట్టి గరుకుగా ఉంది. దాని కింద బెత్తెడు మందాన మెత్తని తెల్లని పట్టీ. ఆ కింద నేల దాకా పొడి మంచు. శవం దొరికింది ఆ పొడి మంచు అడుగున.

జేబులోంచి భూతద్దం తీసి ఆ మెత్తని పట్టీ మీద పెట్టింది. ఆరు కొసల నక్షత్రాలు. కొన్ని విరిగాయి, కొన్ని చెక్కుచెదరలేదు. అద్దాన్ని కిందికి జరిపింది. గుండ్రటి పూసలు. పైకి జరిపింది. పూసలే, ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"ఇటు రా గెరో. చూడు. ఫిరంగి మంచు గుండ్రంగా ఉంటుంది. ఆకాశం నుంచి పడేది నక్షత్రంలా ఉంటుంది. రాత్రి ఆకాశం నుంచి మంచు ఎప్పుడు పడింది?"

గెరో అద్దం తీసుకోలేదు. జవాబు ఎగిడ్ చెప్పాడు. "ఒంటిగంటకి మొదలైంది. రెండున్నరకి ఆగింది. ఆ తరవాతే దక్షిణపు వెచ్చగాలి తగిలింది."

"అంటే శవం మీద మనిషెత్తులో ముప్పాతిక వంతు మంచు ఒంటిగంటకి ముందే పడింది. నాలుగూ పదికి ఫిరంగి నడిచిన మాట నిజమే. కానీ అది రెండోసారి. మొదటిసారి నడిచినప్పుడు చలి బాగా ఉంది. ఆ సంగతి కంప్యూటరులో లేదు."

"గాలికి కొట్టుకొచ్చిన మంచు కావచ్చు," అన్నాడు గెరో. "పైనున్న శిఖరం మీదనుంచి."

"గాలికి దొర్లితే ఆ కొసలు మిగలవు. సరే, నక్షత్రాల్ని నమ్మకు. ఇనుముని నమ్ము."

ఆమె ఫిరంగి దగ్గరకి వెళ్ళింది. పెద్ద పీపాలాంటి పసుపు యంత్రం, లోపల పంఖా, చుట్టూ నీళ్ళు చిమ్మే సన్నని ముక్కులు. వెనక చిన్న తలుపు తెరిచింది. అక్కడ పంఖా ఎన్ని గంటలు తిరిగిందో చూపే పాతకాలపు అంకెల పెట్టె ఉంది. కంప్యూటరుకీ దానికీ తీగ లేదు. తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసి ఉంది: మంగళవారం, సాయంత్రం నాలుగు, 1812.4.

"సెవెరిన్ చేతిరాత," అన్నాడు ఎగిడ్. "రోజూ నూనె పెట్టి రాసేవాడు."

"ఇప్పుడెంతుంది?"

"1816.7."

"నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాలు. నాలుగూ పది నుంచి ఆరూ యాభై అంటే రెండు గంటల నలభై. మిగిలిన గంటన్నర ఎవరు నడిపారు? అప్పుడు లోథార్ గారు ఇంకా మ్యూనిక్ దారి పట్టలేదు."

ఆమె తిరిగి చూసేసరికి లోథార్ అక్కడ లేడు. తనిఖీ అధికారికి భోజనం ఏర్పాటు చూడాలంటూ దిగిపోయాడని గెరో చెప్పాడు. చెబుతున్నప్పుడు అతను ఆఫ్రా కళ్ళలోకి చూడలేదు.

* * *

అదుపు గది లిఫ్టు భవనం పై అంతస్తులో ఉంది. గోడంతా ఒక తెర. తెర మీద కొండ పటం, దాని మీద అరవై రెండు చుక్కలు. అన్నీ ఇప్పుడు బూడిదరంగులో ఉన్నాయి. వెరెనా సైలర్ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఈ గదిలో పనిచేసింది. మళ్ళీ పిలిపిస్తే వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వేళలన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకుంది.

"పన్నెండూ ఇరవై ఐదు," అంది ఆఫ్రా, గోడ గడియారం చూసి. "ఆ కాగితం పక్కన పెట్టమ్మా. రాత్రి పదకొండూ ఒంటిగంట మధ్య పద్నాలుగో చుక్క ఏ రంగులో ఉంది?"

"ఏ చుక్కా లేదు మేడమ్. తెర ఆగిపోయింది."

"ఎన్నింటికి?"

"పదకొండూ పావుకి. మళ్ళీ పన్నెండూ యాభై ఐదుకి వచ్చింది."

"ఆ గంటా నలభై నిమిషాల సంగతి మీ కాగితంలో లేదు."

వెరెనా కాగితాన్ని మడతపెట్టింది. "ఫ్యాక్టరీవాళ్ళు దూరం నుంచి ఏదో బాగుచేస్తారట. తెర ఆపమని లోథార్ గారు ఫోన్ చేశారు. ఆపాను."

"పోటీకి నాలుగు రోజుల ముందు, చలి బాగా ఉన్న రాత్రి, తెర ఆపమంటే మీకేం అనిపించలేదా?"

"పెద్దవాళ్ళు చెప్పారు మేడమ్. మా ఆయన లిఫ్టు దగ్గర, మా చెల్లెలు టిక్కెట్ల కిటికీలో. అందరం ఇక్కడే. ఎందుకని అడిగితే ఎలా?"

ఆఫ్రా బల్ల మీది ఫోన్ తిప్పి వచ్చిన పిలుపుల జాబితా చూసింది. పదకొండూ పన్నెండు. నంబరు 31.

"ఇది ఎక్కడి నంబరు?"

"ఆయన ఆఫీసుదనుకుంటా," అంది వెరెనా. అని, లేని దుమ్ముని తెర మీద తుడిచింది.

ఆఫ్రా నంబరు రాసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, "సెవెరిన్ మీకు బాగా తెలుసా?" అంది.

"నాకు పని నేర్పింది ఆయనే," అంది వెరెనా. ఆ మాట చెబుతూ ముఖం చేత్తో తుడుచుకుంది. అది నటన కాదని ఆఫ్రాకి అనిపించింది. నటన కాకపోయినంత మాత్రాన పూర్తి నిజం కానక్కర్లేదని కూడా అనిపించింది.

* * *

పంపు గదికి వెళ్ళే దారి వాలు పక్కనుంచి పైకి పోతుంది. మోకాలి నొప్పితో ఆఫ్రా మెల్లగా ఎక్కుతోంది. గెరో వెంటే వచ్చాడు. రానంటే బాగుండునని ఆమె అనుకుంది. కానీ అతను వదలడని తెలుసు.

"సరే, ఫిరంగి రెండుసార్లు నడిచిందనుకుందాం," అన్నాడు. "అయితే మాత్రం? పదకొండున్నరకి జారిపడ్డాడు, నాలుగింటికి కాదు. ప్రమాదం ప్రమాదమే."

"ప్రమాదమైతే కంప్యూటరులో గంటన్నర ఎందుకు మాయమైంది? ఫిరంగిని నాలుగూ పదికి మళ్ళీ మొదలయ్యేలా గడియారం పెట్టిందెవరు? అప్పుడు ఊళ్ళో లేనివాడు పెట్టాడు. వెచ్చగాలి వస్తుందని మాత్రం వాడికి తెలియదు. తెలిసుంటే రెండు రకాల మంచు వచ్చేది కాదు."

"లోథార్ అలాంటివాడు కాదు."

"సెవెరిన్ ఎలాంటివాడు?"

"మొండివాడు. ఈ మధ్య కట్ట, కట్ట అని ఒకటే గోల. మనసు పని మీద ఉంటే కదా. అలాంటప్పుడే కాలు జారుతుంది."

ఆఫ్రా ఆగిపోయింది. గెరో రెండడుగులు ముందుకు వేసి వెనక్కి తిరిగాడు.

"ఏ కట్ట?" అంది ఆమె.

"అదే... పైన చెరువు కట్ట. ఫిరంగులకి నీళ్ళిచ్చేది."

"పొద్దున్నుంచి ఈ కొండమీద పదకొండు మందితో మాట్లాడాను. ఒక్కరూ కట్ట మాట ఎత్తలేదు. సెవెరిన్‌ని నువ్వు జన్మలో చూడలేదని తొమ్మిదింటికి నాతో అన్నావు. నీకెవరు చెప్పారు?"

గెరో తొడుగులు తీశాడు. మళ్ళీ వేసుకున్నాడు.

"ఉత్తరం రాశాడు. మా కంపెనీకి. అక్టోబరు చివర్లో. చెరువు అడుగున పరిచిన ప్లాస్టిక్ పట్టా చిరిగింది, కట్ట కింద ఊట కనబడుతోంది, సగం నీళ్ళు వదిలెయ్యాలి, డైరెక్టర్ వినడం లేదు, మీరైనా చెప్పండి అని. నా బల్ల మీదికే వచ్చింది."

"నువ్వేం చేశావు?"

"మామూలుగా ఏం చేస్తాం? సంబంధిత సంస్థకి పంపి జవాబు అడిగాం. అంతా సవ్యంగా ఉందని లోథార్ రాసిచ్చాడు. ఫైలు మూసేశాను."

"ఉత్తరం కాపీతో సహా పంపావా? కింద సెవెరిన్ సంతకంతో?"

గెరో లోయ వైపు తిరిగాడు. కింద లోయలో మూస్ అనే చిన్న పల్లె కనిపిస్తోంది. నలభై ఇళ్ళు, పసుపు గోడల పసిపిల్లల బడి. చెరువు కట్టకి సరిగ్గా దిగువన.

"నిన్నటిదాకా అది నాకు కాగితమే ఆఫ్రా," అన్నాడు గెరో చివరికి. "పొద్దున శవం పేరు వినగానే గుర్తుకొచ్చింది. ప్రమాదమే అయ్యుండాలని కోరుకున్నాను. అందుకే నీతో అంత గట్టిగా వాదించాను."

ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టే సమయం లేదు. రేడియోలో ఎగిడ్‌ని పిలిచి, వెంటనే కట్ట అడుగుకి వెళ్ళి నీళ్ళు ఎలా ఉన్నాయో చూడమంది.

* * *

పంపు గదిలో లోథార్ ఒక్కడే ఉన్నాడు. తనిఖీ అధికారి భోజనం చూడ్డానికి దిగినవాడు ఇక్కడ తేలాడు. ఒంటిగంటా నలభై. పంపులు ఆగి ఉన్నాయి కాబట్టి గది నిశ్శబ్దంగా ఉంది. తలుపు పక్కన గోడ ఫోన్, దాని మీద కాగితం ముక్క: 31.

ఆఫ్రా ఆ ముక్క మీద వేలు పెట్టింది. "రాత్రి పదకొండూ పన్నెండుకి ఇక్కడినుంచి వెరెనాకి ఫోన్ చేశారు."

"ఇంట్లో పడుకున్నాను."

"ఫిరంగి తెర ఆపమన్నారు. ఆమె ఒప్పుకుంది."

"ఆమె ఏదో పొరపడింది."

"సెవెరిన్ మీ మీద ఉత్తరం రాశాడు. గెరో మీకు పంపాడు. రాత్రి ఆయన ఇక్కడికొచ్చాడు. మీరూ వచ్చారు. ఆయన్ని మంచు స్కూటరు మీద రెండొందల మీటర్లు కిందికి దించి పద్నాలుగో ఫిరంగి ముందు పడేశారు. ఎందుకు కొట్టారో తెలుసు. దేంతో కొట్టారో తెలీదు. దెబ్బకి చదరపు మూల ఉందని డాక్టర్ అన్నాడు. గొట్టం మూత గుండ్రంగా ఉంటుంది."

"మీ దగ్గర సాక్ష్యం లేదు," అన్నాడు లోథార్. మెల్లగా, బతిమాలుతున్నట్టుగా అన్నాడు. "మంచు కోత, సుద్దముక్క అంకెలు. రేపటికి అన్నీ కరిగిపోతాయి."

అతని వెనక గోడ మీద చెరువు నీటిమట్టం చూపే పెద్ద ముల్లు ఉంది. కింద పలక మీద పొద్దున ఏడు గంటల అంకె: ఎనిమిది మీటర్ల నలభై. ఇప్పుడు ముల్లు ఎనిమిదీ పన్నెండు దగ్గర ఉంది.

"ఫిరంగులన్నీ ఆరూ యాభైకి ఆగాయి," అంది ఆఫ్రా. "పంపులు నడవడం లేదు. ఈ నీళ్ళు ఎటు పోతున్నాయి లోథార్ గారూ?"

లోథార్ వెనక్కి తిరిగి ముల్లు చూశాడు. అతనికి ఆ సంగతి తెలియదని ఆమెకి అప్పుడర్థమైంది.

రేడియోలో ఎగిడ్ గొంతు వచ్చింది. రొప్పుతున్నాడు. "ఆఫ్రా, వింటున్నావా? కట్ట కింద నీళ్ళు వస్తున్నాయి. నా తొడంత లావున. తేటగా లేవు. బురదగా వస్తున్నాయి."

బురద నీళ్ళంటే కట్ట లోపలినుంచి మట్టి కొట్టుకుపోతోందని. ఆ మాట ఆ గదిలో ఎవరూ ఎవరికీ వివరించలేదు.

"అడుగు తూము తెరవండి," అంది ఆఫ్రా.

తూము మర గది మూలలో ఉంది. ఇనుప కడ్డీ, దాని కొన చదరంగా ఉంది. దాన్ని తిప్పే పిడి తగిలించే కొక్కెం గోడ మీద ఉంది. కొక్కేనికి ఏమీ లేదు.

"పిడి ఏది?"

లోథార్ ఖాళీ కొక్కెం వైపు చూశాడు.

"లోథార్ గారూ. మూస్ బడిలో పిల్లలున్నారు. పిడి ఏది?"

అతను కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల చెరువు నల్లగా మెరుస్తోంది.

"అందులో ఉంది," అన్నాడు.

గెరో నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. లోథార్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"వాడు తూము తెరవబోయాడు. శనివారం దాకా ఆగమన్నాను. నాలుగే నాలుగు రోజులు. పిడి లాక్కున్నాను. వాడు మళ్ళీ లాక్కోబోయాడు. కొట్టాలనుకోలేదు."

ఆఫ్రా వినడం ఆపేసి రేడియో తీసింది. ఊళ్ళో హెచ్చరిక మోత మోగించమంది. తరవాత అదుపు గదిని పిలిచింది.

"వెరెనా, చెరువు ఖాళీ చెయ్యాలి. తూము తెరుచుకోదు. పంపులన్నీ పెట్టు. అరవై రెండు ఫిరంగులూ తెరువు."

"మేడమ్, బయట ప్లస్ నాలుగు డిగ్రీలుంది. మంచు పడదు. వాన పడుతుంది. పోటీ వాలంతా పోతుంది."

"పోనీ. కట్ట తెగబోతోంది."

"మా బాబు మూస్ బడిలో ఉన్నాడు," అంది వెరెనా. "నాలుగేళ్ళు. నేను వెళ్తాను మేడమ్. వెళ్ళి తెచ్చుకుంటాను."

"నువ్వు లేస్తే ఆ మీటలు ఎవరికీ తెలియవు."

గెరో ఆఫ్రా చేతిలోంచి రేడియో లాక్కున్నాడు. "నేను తెస్తాను. పేరు చెప్పు."

"క్విరిన్. ఎర్ర టోపీ."

గెరో తలుపు తోసుకుని పరిగెత్తాడు. పట్నం బూట్లతో వాలు మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఎవరో ఆపి ఉంచిన మంచు స్కూటరెక్కి కిందికి దూకించాడు.

ఆఫ్రా ముల్లు ముందు నిలబడింది. పంపులు ఇంకా కదల్లేదు. పది సెకన్లు. ఇరవై.

"ఆ పిల్ల తెరుస్తుందంటారా?" అన్నాడు నేల మీదినుంచి లోథార్. "ఫ్యాక్టరీవాళ్ళ మరమ్మతు అని మీతో చెప్పిందా?"

"అవును. మీరే చెప్పారట."

"నేను అబద్ధం చెప్పలేదు. తనకి జరిగిందే చెప్పాను. తెర ఆపి, పద్నాలుగు నడిపి, తరవాత లెక్క చెరిపేసి, నాలుగూ పదికి గడియారం పెట్టింది తనే. నాకు ఆ యంత్రం మీద వేలు పెట్టడం కూడా రాదు."

ఆఫ్రా రేడియో వైపు చూసింది. కొండమీద ఉన్న నీళ్ళన్నీ ఇప్పుడు ఆ ఒక్క మనిషి చేతిలో ఉన్నాయి.

నేల అదిరింది. మొదటి పంపు అందుకుంది, తరవాత రెండోది, మూడోది. కిటికీలోంచి చూస్తే పై వాలు నుంచి ఒక్కొక్క ఫిరంగీ తల తిప్పి నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టింది. మూడు వారాలు కష్టపడి పరిచిన తెల్లని వాలు మీద కుండపోత వాన. కింద తనిఖీ అధికారి కాబోలు, గొడుగు లేకుండా మధ్యలో నిలబడి పైకి చూస్తున్నాడు.

* * *

రెండూ యాభైకి ముల్లు అయిదూ తొంభై దగ్గరకి దిగింది. నీళ్ళు తేటపడుతున్నాయని, ధార మణికట్టంత సన్నబడిందని ఎగిడ్ చెప్పాడు. లోథార్‌ని ఇద్దరు కానిస్టేబుళ్ళు జీపు ఎక్కించారు. ఎర్ర టోపీ తన ఒళ్ళో నిద్రపోతోందని, మూస్ జనమంతా క్షేమంగా ఊరు ఖాళీ చేశారని గెరో రేడియోలో చెప్పాడు. అతని గొంతు బొంగురుపోయింది. ఇద్దరూ పాత సంగతులు ఎత్తలేదు.

ఆఫ్రా అదుపు గది మెట్లెక్కుతుండగా జేబులో ఫోన్ మోగింది. పట్నం నుంచి డాక్టర్. ఆమె మెట్ల మధ్యలో నిలబడి ఆయన చెప్పిందంతా విన్నది. రెండుసార్లు "మళ్ళీ చెప్పండి" అంది. తరవాత ఫోన్ పెట్టేసి మిగిలిన మెట్లు ఎక్కింది.

వెరెనా తెర ముందే ఉంది. అరవై రెండు చుక్కలూ నీలంగా వెలుగుతున్నాయి. తలుపు చప్పుడుకి తిరగలేదు.

"మీకు లోథార్ గారు చెప్పేశారు," అంది.

"చెప్పాడు. నీ నోటితో విందామని వచ్చాను."

"సెవెరిన్ గారు చనిపోయారన్నారు. చెరువు దగ్గర గొడవలో పడిపోయారు, ఇక చేసేదేం లేదు, పోయినవాడు తిరిగి రాడు, ఇది బయటపడితే లోయంతా మూతపడుతుంది అన్నారు. మా ఆయన, మా చెల్లెలు, అందరూ గుర్తొచ్చారు. మీట నొక్కాను. కన్నీళ్ళు కారుతుంటే నొక్కాను మేడమ్. పోయినవాళ్ళకి మంచు తగిలితే నొప్పుండదు కదా అనుకున్నాను."

ఆఫ్రా కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. ఉద్యోగంలో ఇరవై ఆరేళ్ళలో చాలామందికి చాలా చెడ్డ మాటలు చెప్పింది. ఈ మాట చెప్పకుండా రేపటికి వాయిదా వెయ్యొచ్చా అని ఒక్క నిమిషం ఆలోచించింది. రేపు కోర్టు కాగితంలో ఎవరో చదివి వినిపిస్తారు. అంతకంటే ఇదే నయం.

"డాక్టర్ ఫోన్ చేశాడు," అంది. "సెవెరిన్ నోరు, ముక్కు చుట్టూ ఐసు పొర కట్టి ఉంది. వేలి మందాన. లోపలివైపు నున్నగా ఉందట."

వెరెనా ఈ కొండమీదే పుట్టి పెరిగింది. హిమపాతాల్లో దొరికిన మనుషుల గురించి చిన్నప్పటినుంచి విన్నది. అలాంటి పొర ఎప్పుడు కడుతుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంచు కింద మనిషి ఊపిరి తీస్తూ ఉంటేనే కడుతుంది. వేలి మందం కట్టడానికి అరగంట పైనే పడుతుంది.

ఆమె రెండు చేతులూ మీటల మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. వాటివైపు చూసుకుంది.

"ఎన్నింటిదాకా బతికున్నారు?" అంది.

ఆఫ్రా తన కుర్చీ ఇంకాస్త దగ్గరకి జరుపుకుంది. కిటికీ బయట ఫిరంగులు నీళ్ళు కురిపిస్తూనే ఉన్నాయి.